గచ్చకోటలో జ్వరపు దారాలు

మంచు ఇంకా విడలేదు. గచ్చకోట వాకిలి ముందు, చంకన బుట్టలూ భుజాన కొంకికర్రలూ పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఆ వరసలో అందరికంటే తలెత్తు పొడుగ్గా, మోకాళ్ళ కిందికి చాలని ఎర్రచీర కట్టుకుని, ముక్కు దాకా కొంగు లాక్కుని నిలబడిన మనిషి చంద్రమేఖల రాజ్యానికి యువరాజు. పేరు అరిందముడు.

"కొంచెం ఒంగి నిలబడు దొరా," అంది పక్కనున్న ఓబులమ్మ, పెదవులు కదిలీ కదలకుండా. "అట్ల రొమ్ము విరుచుకుంటే కొత్త కోడల్లా లేవు. కోటను ముట్టడించను వచ్చినట్టుండావు."

అరిందముడు ఒంగాడు. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. తూలి, ముందున్న పిల్ల బుట్టను గుద్దుకున్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నోరు మూసుకుని నవ్వింది.

నవ్వే స్థితిలో లేడు అరిందముడు. ఆయన చెల్లెలు మందారిక చలిజ్వరంతో మంచాన పడి ఉంది. ఆ జ్వరం రోజు విడిచి రోజు పొద్దెక్కే వేళకు వస్తుంది. వచ్చినప్పుడు ఎన్ని కంబళ్ళు కప్పినా మంచం కోళ్ళు నేల మీద టకటకలాడతాయి. ఆ వెంటనే ఒళ్ళు పెనంలా కాలుతుంది. పోయాక నానబెట్టిన గుడ్డలా ఆ పిల్ల మిగులుతుంది. నిన్నటి విడత తగ్గాక రాజవైద్యుడు అరిందముణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు. "యువరాజా, ఇంకొక్క విడత వస్తే ఆ ఒంట్లో ప్రాణం నిలవదు. ఎల్లుండి జ్వరం వచ్చేలోగా గుప్పెడు గచ్చకాయల పప్పు మిరియాలతో నూరి లోపలికి పంపాలి. మరో మందు లేదు."

మామూలు రోజుల్లో అయితే గచ్చకాయ కోసం యువరాజు గుర్రమెక్కాలా? చేను గట్టున ఏ కంచెలోనైనా దొరికేదే. కానీ పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం చంద్రమేఖలలోనూ చుట్టూ ఉన్న రాజ్యాల్లోనూ గచ్చపొదలన్నీ వాటంతట అవే అంటుకుని బూడిదయ్యాయి. పక్కనున్న కందిచేనుకు సెగ తగల్లేదు, గడ్డివాముకు నిప్పంటలేదు. గచ్చపొదలు మాత్రమే కాలాయి. అది కంకాళగిరి మాంత్రికుడు జంభలుడి పని అని పసిపిల్లలకు కూడా అర్థమైంది. ఎందుకు చేశాడో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక లోకంలో గచ్చ మిగిలింది ఒక్క జంభలుడి కోట చుట్టూ.

ఆ గోడను చూస్తే ఎంతటి వీరుడికైనా అరికాళ్ళు జిల్లుమంటాయి. రాయి లేదు, సున్నం లేదు, ఇటుక లేదు. కొండ నడుముకు పచ్చని కొండచిలువ చుట్టుకున్నట్టు, ఏనుగు మీద ఏనుగు నిలబడినంత ఎత్తున, ఒకదాన్నొకటి పెనవేసుకుని పెరిగిన గచ్చతీగలు. కాండం నిండా ముళ్ళు, కొమ్మ నిండా ముళ్ళు, ఆకు ఈనె వెనక కూడా పిల్లి గోళ్ళలాంటి వంకర ముళ్ళు. వాటి మధ్య, ఎవరో పసుపు చల్లి పోయినట్టు పూలగెలలు. ముళ్ళపంది పిల్లలు వేలాడుతున్నట్టు కాయలు. ఎండి నోరు తెరిచిన కాయల్లోంచి బూడిద రంగు గింజలు, పావురాయి కళ్ళలాంటివి, కోటకు వచ్చేవాళ్ళను తొంగి చూస్తుంటాయి. ఆ గోడలోకి దూరిన జింక బయటికి రాలేదని, ఆ గోడ మీదికి ఉరికిన గుర్రాల ఎముకలు ఇప్పటికీ లోపల వేలాడుతున్నాయని చెప్పుకుంటారు.

ఏటా కాయ ఎండే వేళకు జంభలుడు కొండ దిగువ పల్లెల ఆడవాళ్ళను పిలిపిస్తాడు. గోడ దగ్గరికి పరాయి మగవాడి నీడ కూడా రాకూడదు. ఆడవాళ్ళు కాయలు దులిపి, బుట్టలకెత్తి, ఈ ఏడు నుంచి అతని కళ్ళెదుట అగ్నిగుండంలో పోసి కాల్చాలి. పొద్దు తిరిగేసరికి పని ముగిసి, జుట్టు విప్పి, కొంగులు దులిపి చూపించి బయటపడాలి. గింజ దాచిన మనిషి మరి ఇంటికి రాదు.

ఏటా ఈ పనికి వచ్చే దిగువ పల్లె ఓబులమ్మే ఉపాయం చెప్పింది. కోటలో పుట్టిన ఒక చిన్న ఏరు గచ్చగోడ కింద రాతి తూములోంచి బయటికి పారుతుంది. గచ్చకాయ నీళ్ళలో మునగదు. తేలుతుంది. ఎవరూ చూడకుండా ఏట్లో నాలుగు దోసిళ్ళు జారవిడిస్తే అవే కోట దాటి పోతాయి. తూము బయట వాగులో, రెల్లు చాటున, అరిందముడి గుర్రం ధూమ్రం కట్టేసి ఉంది.

"ఏమే ఓబులమ్మా! ఆ తాటిచెట్టు ఎవురే?"

వాకిట్లో కావలివాడు తిప్పడు. ఒక కాలు చాపుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో బల్లెం, మొహంలో నొప్పి.

"నా అన్న కొడుకు పెండ్లాం. కొత్త కోడలు."

"కొత్తదని తెలుస్తానే ఉండాది. చేతుల మీద ఒక్క గీరైనా లేదే! గచ్చకొచ్చిన ఆడదాని చేతులేనా అవి?"

"గీరలు పడాలనే తెచ్చినా. తిని కూర్చుంటే ఎట్ల?"

"నోరు లేదా దానికి?"

"సిగ్గు."

"అంత మనిషికి సిగ్గేందే?" అని తిప్పడు పకపకా నవ్వి, కాలు కదిలి "అబ్బా" అన్నాడు. అతని మోకాలు వాచి గుమ్మడిపిందెలా ఉంది. "సరే, లోపలికి పోతారుగానీ ముందు ఈ కాలి సంగతి చూడండి. గచ్చాకు వెచ్చజేసి కట్టండి. ఇదో, నీ కోడలు కట్టాల. సిగ్గు పోతాది."

ఎవరో లేత గచ్చాకు దూసి తెచ్చారు. ఓబులమ్మ కావలివాడి పొయ్యి మీద మూకుడు పెట్టి, ఆముదం పోసి, ఆకు వేసి వెచ్చబెట్టింది. వేడి ఆకును, పాతగుడ్డ పీలికను అరిందముడి చేతికిచ్చింది. ఆమె కళ్ళలో 'తెలుసా నీకు?' అన్న ప్రశ్న ఉంది. అరిందముడు కొంగు చాటున తల ఊపాడు. కట్లు కట్టడం ఆయనకు బాగా తెలుసు. యుద్ధంలో ఎన్ని కట్టాడు! ఆకు మోకాలికి పరిచి, పీలికను కింది నుంచి పైకి అడ్డంగా ఒక చుట్టు, ఏటవాలుగా ఒక చుట్టు తిప్పి, ముడి బయటివైపుకు వచ్చేట్టు బిగించి, అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

తిప్పడు లేచి నిలబడ్డాడు. నాలుగడుగులు వేశాడు. మొహం విప్పారింది. "ఎంత హాయిగా ఉండాదే!" అన్నాడు. మరుక్షణం కట్టు వంక చూసి కనుబొమ్మలు ముడిచాడు. "ఓబులమ్మా, ఇది గుర్రానికి కట్టే కట్టు గదే! నేను రౌతుగా ఉన్నప్పుడు చూసినా. బయటికి ముడి, పైన చరుపు. మనిషికెవురూ ఇట్ల కట్టరు."

అరిందముడు కొంగు ఇంకా కిందికి లాక్కున్నాడు. ఆయన తన జీవితంలో కట్టిన కట్లన్నీ గుర్రాలకే. మనుషులకు కట్టడానికి వైద్యులున్నారు.

"నీది మనిషి కాలిలా ఉండాదా?" అంది ఓబులమ్మ తడుముకోకుండా. "చూసినదానికి తగిన కట్టు కట్టింది. వాళ్ళ నాయన సంతలో గుర్రాలకు లాడాలు కొడతాడులే. గుర్రాలతోనే పెరిగింది. కొంచెం ఉంటే నీకూ లాడం కొట్టును!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. తిప్పడికి నవ్వక తప్పలేదు. బల్లెం పక్కకు తీశాడు. కానీ వరస లోపలికి పోతుంటే ఎర్రచీర మీంచి చూపు తిప్పలేదు. కుంటుకుంటూ వెనకాలే వచ్చాడు.

కోట లోపల పని మొదలైంది. కొంకికర్రలతో గెలలు లాగి, కర్రలతో కాయలు చితక్కొట్టి, గింజలు బుట్టలకు ఎత్తుతున్నారు. అరిందముడు కర్ర ఎత్తగానే మోచేతిని గచ్చకొమ్మ పట్టుకుంది. వెనక్కి లాక్కోబోయాడు. ముల్లు ఇంకా లోతుకు దిగింది.

"లాక్కోవద్దు!" ఓబులమ్మ గభాల్న చెయ్యి పట్టుకుంది. "గచ్చ పట్టుకుంటే వెనక్కి రాకూడదు. దానివైపుకే పోవాల. ఇదో, ఇట్ల." చెయ్యిని ముల్లు ఉన్నవైపుకే మెల్లగా నెట్టింది. కొమ్మ దానంతటదే వదిలేసింది. "ముల్లు వెనక్కి వంగి ఉంటాది. పారిపోయేవాణ్ణి పట్టుకుంటాది, ఎదురు పోయేవాణ్ణి వదుల్తాది. ఈడ అందరం అట్లే దూరతాం."

ఆమె చెప్పినట్టే ఒంగి, ముందుకు ముందుకు జరుగుతూ, ఆ పచ్చని చీకటిలోకి దూరాడు. అక్కడ ఒక చిన్న గదిలాంటి ఖాళీ. ఒకప్పుడు పల్లె ఆడవాళ్ళే కొమ్మలు పక్కకు మళ్ళించి చేసుకున్నది. పైనుంచి ఎండ జల్లెడలోంచి రాలినట్టు రాలుతోంది.

ఆ వెలుగులో అరిందముడు చూశాడు. కొమ్మ కొమ్మకూ దారాలు. పసుపు దారం, నల్లదారం, చీర అంచు పీలిక, పాత మొలతాడు ముక్క. గాలి లేకపోయినా అవి సన్నగా వణుకుతున్నాయి.

"ముట్టుకోవద్దు దొరా," అంది ఓబులమ్మ గుసగుసగా. "జ్వరాలవి."

"జ్వరాలా?"

"చలిజ్వరం పట్టినోళ్ళకు మేం చేసే పనే ఇది. ఒంటికి తగిలించిన దారం తెచ్చి గచ్చకొమ్మకు ముడేసి, 'చుట్టమా, నేనొచ్చేదాకా ఈడనే కూర్చో' అని చెప్పి వెనక్కి చూడకుండా పోతాం. ఆ ముడి దగ్గరికి మళ్ళీ రాం. అది ఈడనే కూర్చుంటాది. ఎవురన్నా ఆ ముడి విప్పినా, దారం తెంపినా, కత్తితో కోసినా, చుట్టం వాళ్ళింటికి పోతాది. మా పల్లెల్లో ఉన్న జ్వరాలన్నీ ఈ పొదలోనే ఉండాయి. జంభలుడికి తెలీదు. ఇంత లోపలికి వాడెప్పుడు దూరినాడు గనక!"

అరిందముడి కళ్ళ ముందు ఒక బంగారు దారం మెరిసింది.

పోయిన ఎండాకాలమే. అంతఃపురం తోటలో, మల్లెపందిరి వెనక, ఎవరూ నాటని గచ్చమొక్క ఒకటి రాత్రికి రాత్రే లేచింది. దాని కొమ్మకు బంగారు దారం చుట్టి ఉంది. "అన్నయ్యా, అందడం లేదు. కొమ్మ కొంచెం వంచవూ," అంది మందారిక. ఆయనే వంచాడు. ఆమె ముడి విప్పి దారాన్ని మణికట్టుకు కట్టుకుంది. ఆ మర్నాడే రాజ్యంలోని గచ్చపొదలన్నీ కాలిపోయాయి. ఆ వారంలోనే జ్వరం మొదలైంది.

సంగతి చెప్పగానే ఓబులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే అది నీ చెల్లెలి జ్వరం గాదు దొరా. వాడిది! జంభలుడికి ఏండ్ల తరబడి చలిజ్వరం ఉండేదని మా అమ్మ చెప్పేది. ఉన్నట్టుండి తగ్గిపోయిందంటే ఏ దేవత కరుణించిందో అనుకున్నాం. మా విద్యే ఎత్తుకుపోయి ఆ బిడ్డ నెత్తిన రుద్దినాడు! గచ్చపప్పు తిని ఆ బిడ్డ కోలుకుంటే చుట్టం సొంత ఇంటికే తిరిగొస్తాది. అందుకే వాడు లోకంలో గింజ మిగలనీడు."

అరిందముడి చెయ్యి పిడికిలి అయింది. వెంటనే వాణ్ణి పట్టుకుని నరకాలనిపించింది. కానీ జంభలుణ్ణి నరికితే చెల్లెలి జ్వరం తగ్గుతుందా? గుప్పెడు గింజలు కావాలి. ముందు అవి.

పొదలోంచి బయటికి వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. జంభలుడు వచ్చాడు. పొట్టి మనిషి, పీపాలాంటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా ఎర్రని గడ్డం. పులితోలు పరిచిన పీట మీద, అగ్నిగుండానికి ఎదురుగా కూర్చున్నాడు. అతని తల పైన, పట్టుకునే చెయ్యేదీ లేకుండానే, ఒక నల్లని కత్తి గద్దలా గాలిలో తిరుగుతోంది. ఆడవాళ్ళు బుట్ట వెంట బుట్ట తెచ్చి గుండంలో కుమ్మరిస్తున్నారు. గింజలు టపటపా పేలుతున్నాయి. ప్రతి పేలుడుకూ జంభలుడు తల ఊపుతూ చిరునవ్వు నవ్వుతున్నాడు.

ఏరు గుండానికి పది బారల ఇవతల. బుట్టతో నడిచే దారి దాని గట్టు మీదుగానే. అరిందముడు బుట్ట చంకన పెట్టుకుని బయలుదేరాడు. అప్పుడే వెనక నుంచి ఒక చిలిపి పిల్ల గచ్చకాయను బండ మీద బరబరా రుద్ది, కాలిపోతున్న దాన్ని తెచ్చి ఆయన మెడ వెనక అంటించింది. పల్లెల్లో ఆడపిల్లలు ఒకరినొకరు ఏడిపించుకునే ఆట.

చురుక్కుమంది. అరిందముడు గిర్రున తిరిగాడు. కుడిచెయ్యి దానంతటది ఎడమ నడుముకు పోయింది, కత్తిపిడి కోసం. అక్కడ కత్తి లేదు. చీర ముడి ఉంది.

"కుడిచెయ్యి ఎడమ నడుముకు!" తిప్పడి కేక కోటంతా మారుమోగింది. "నాకు తెలుసు! వాడు ఆడది గాదు, రౌతు! పట్టుకోండి!"

ఇక దాచేది లేదు. అరిందముడు బుట్టను ఎత్తి నిలువునా ఏట్లో గుమ్మరించాడు. గచ్చకాయలు బుడుంగుమని మునిగి, మళ్ళీ పైకి లేచి, బాతుపిల్లల గుంపులా తూమువైపు పరుగెత్తాయి. ముందుకొచ్చిన భటుడి బల్లేన్ని కొంకికర్రతో కొక్కెం వేసి లాగాడు. రెండోవాడి కాళ్ళ మధ్య కర్ర పెట్టి తిప్పాడు. వాడు వెల్లకిలా గచ్చకొమ్మల మీద పడి, లేవబోయి, లేవలేక, "అమ్మా" అని ఒకటే అరుపు.

"నిలువు!" అన్నాడు జంభలుడు.

అన్నది మనుషులతో కాదు. ఏటితో. గడ్డం పట్టుకుని ఏదో గొణిగాడు. పారే నీరు పారుతున్నట్టే ఆగిపోయింది. అల లేచింది లేచినట్టే నిలిచింది. గచ్చకాయలు తూము నోటి దగ్గర, గాజులో పొదిగిన పూసల్లా కదలకుండా ఉండిపోయాయి.

"మందారిక అన్నవు కదూ?" జంభలుడు పీట మీంచి లేవలేదు. "ముక్కు చూస్తే తెలుస్తోంది. చీర నీకు బాగుంది యువరాజా. అందులోనే కాలుస్తాను. నల్లపిల్లా, పో!"

నల్లకత్తి రివ్వున దూసుకొచ్చింది. అరిందముడు తల వంచాడు. కత్తి కొంకికర్రను ముల్లంగిలా రెండు చేసి, పైకి లేచి, మళ్ళీ తిరిగింది. ఎదురుగా భటులు. వెనక నిలిచిన నీరు. పక్కన గచ్చగోడ. ఆయన ఒక్క క్షణం ఆ గోడను చూశాడు, ఒక్క క్షణం ఓబులమ్మను చూశాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. వద్దని తల ఊపింది.

అరిందముడు గోడలోకి దూకాడు.

వెంటపడిన భటులు చేతులు చాచి ఆయన చీర కొంగు పట్టుకున్నారు. గచ్చ వాళ్ళ చేతులు పట్టుకుంది. వాళ్ళు వెనక్కి లాక్కున్నారు. అంతే, ఒకడి తలపాగా, ఒకడి చొక్కా, ఒకడి చెవి. తిప్పడు తన కట్టుతో సహా కొమ్మకు వేలాడుతూ, "లాగొద్దురా! నన్ను లాగొద్దురా!" అని మొత్తుకుంటున్నాడు. అరిందముడు మాత్రం ముళ్ళకు ఎదురు పోతున్నాడు. ముల్లు గుచ్చుకున్నచోటల్లా దానివైపుకే జరుగుతున్నాడు. చీర పీలికలైంది. వీపు మీద నెత్తురు చారలు. పచ్చచీకటి గది చేరాడు. దారాల మధ్య నిలబడి గట్టిగా అరిచాడు.

"జంభలా! పీట మీద కూర్చుని కత్తిని పంపే పిరికివాడా! నీ జ్వరాన్ని పసిపిల్లకు కట్టబెట్టిన దొంగా! నేనిక్కడే ఉన్నాను. చేతనైతే నరుకు!"

జంభలుడి మొహం రాగిచెంబులా ఎర్రబడింది. తన జ్వరం గుట్టు ఇంతమంది ఆడవాళ్ళ ముందు బయటపడింది! "నరుకు!" అని గర్జించాడు. "కొమ్మా రెమ్మా మిగలకుండా నరుకు!"

నల్లకత్తి గోడలోకి దిగింది. అరిందముడు నేలకు బోర్లా పడుకున్నాడు. పైన సరసరా, సరసరా కోత. ఆకులు రాలాయి, పూలు రాలాయి, ముళ్ళు రాలాయి. వాటితోపాటు పసుపు దారాలూ, నల్లదారాలూ, చీర అంచులూ, మొలతాళ్ళూ తెగి తెగి రాలాయి. తెగిన ప్రతి దారం నుంచీ చల్లని ఊపిరిలాంటిదేదో లేచి, అరిందముడి తల మీదుగా, కోట లోపలివైపుకు బుస్సుమని పోయింది.

బయట జంభలుడికి ముందు ఒక ఆవులింత వచ్చింది.

విసుగ్గా నోరు మూసుకున్నాడు. మరో ఆవులింత. గోళ్ళు చూసుకున్నాడు. నేరేడుపళ్ళ రంగుకు తిరిగాయి. "ఏమిటిది?" అన్నాడు. అంతలో వీపు మీద ఎవరో చన్నీళ్ళు కుమ్మరించినట్టు ఝల్లుమంది. ఒక జ్వరమా! పల్లె పల్లెల జ్వరం, తాతలనాటి జ్వరం, బాలింతల జ్వరం, ఎడ్లకాపరుల జ్వరం, అన్నీ ఒకేసారి చుట్టపుచూపుగా వచ్చి అతని ఒంట్లో దిగాయి. పీట గడగడలాడింది. గడ్డం గడగడలాడింది.

"న-న-నల్ల... పి-పి-పి..."

కత్తికి ఆ మాట అర్థం కాలేదు. గాలిలో రెండు చుట్లు తిరిగి, దబ్బున నేల మీద పడింది. మంత్రం మళ్ళీ చదవబోయాడు. పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే అక్షరం నిలుస్తుందా? 'హ్రీం' అనబోతే హి హి హి అని వస్తోంది. నిలిచిన ఏరు ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుంది. అలలు కదిలాయి. గచ్చకాయలు తూములోకి జారి మాయమయ్యాయి.

"గ-గ-గచ్చకాయ!" జంభలుడు పులితోలు కప్పుకుని కేక పెట్టాడు. "ఒ-ఒక్క గచ్చకాయ! త్వరగా!"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"యాడున్నాయి సామీ?" అంది చిలిపి పిల్ల, ఎంతో వినయంగా. "మీరు చెప్పినట్టే అన్నీ కాల్చినాం గదా. ఇదో, బూడిద కావాలంటే తీసుకోండి."

కోటలో ఏ ఏటా వినిపించనంత నవ్వు లేచింది. ఆ నవ్వులోనే ఖాళీ బుట్టలు పారేసి అందరూ వాకిటికి పరుగుతీశారు. ఆపడానికి వాకిట్లో కావలివాడు లేడు. కొమ్మకు వేలాడుతున్నాడు.

అరిందముడు మోచేతుల మీద పాకుతూ గోడకు ఆవలి అంచు చేరాడు. వెలుగు కనిపించింది. చివరి కొమ్మల కింద తల దూర్చి ముందుకు నెట్టుకుంటుండగా మోచేతి దగ్గర ఏదో సన్నగా 'టప్' మంది.

చూశాడు. తెగిన నల్లదారం ముక్క ఒకటి చర్మానికి అంటుకుని ఉంది. నల్లకత్తి వదిలేసినది. తన ఒంటితోనే తెంపినది.

దాన్ని గమనించే తీరిక లేదు. వాగులోకి దొర్లాడు. నడుం లోతు నీళ్ళలో ఓబులమ్మ, చీర పైకి దోపుకుని, బుట్ట అడ్డం పెట్టి నిలబడి ఉంది. వాకిట్లోంచి పరుగెత్తి అప్పుడే వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఎన్ని దొరికాయి అత్తా?" అన్నాడు. వేషం పోయినా పిలుపు పోలేదు.

ఓబులమ్మ బుట్ట వంచి చూపింది. అడుగున కొన్ని గింజలు. "నేనొచ్చేసరికి నీళ్ళు జోరుగా కొట్టుకుపోతాండాయి దొరా. మిగిలినవన్నీ పెద్దేటికి పోయినాయి." ఆమె వాటిని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి ఆడించింది. కొన్నింటిని పక్కకు పడేసింది. "ఇవి లొట్టలు. పప్పు లేదు." మంచివాటిని గుడ్డలో మూటకట్టి ఆయన అరచేతిలో పెట్టింది.

అరిందముడు వేళ్ళు మూశాడు. పిడికిలి బొటాబొటిగా నిండింది. అంచు దాకా వచ్చిందంతే. ఇందులో ఒక్కటి తగ్గినా వైద్యుడు చెప్పిన గుప్పెడు కాదు.

అదే క్షణంలో ఆయనకు ఆవులింత వచ్చింది.

ఓబులమ్మ ఆయన చెయ్యి లాక్కుని గోళ్ళు చూసింది. మొహం పాలిపోయింది. "దారం తెంపినావా?"

"ఒకటి. చూసుకోలేదు."

"అయ్యో నాయనా!" ఆమె చీర ముడి విప్పి రెండు మిరియపు గింజలు తీసింది. "ఒక్క గచ్చకాయ కొడతా. నూరే తీరిక లేదు, నమిలి మింగు. ఇప్పుడే మింగితే చలి అంతగా ఎక్కదు. లేకపోతే గుర్రం మీంచి పడతావు. నువ్వు పడితే ఈ మూటా పోయె, ఆ బిడ్డా పోయె!"

కోట వైపు నుంచి కొమ్ములు మోగాయి. జంభలుడి వణికే గొంతు కాదు, అతని రౌతుల కొమ్ములు. 'గచ్చకాయల మూట తెచ్చినవాడికి సగం కోట' అని దండోరా వేస్తున్నారు. పొద్దున గింజ మిగల్చొద్దన్నవాడికి ఇప్పుడు ప్రపంచంలో ఈ మూట ఒక్కటే మిగిలింది.

అరిందముడు మిరియాలు మాత్రం తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మూట ఇవ్వలేదు.

"దొరా, ఒక్కటి!"

"కొమ్మ వంచింది నేను అత్తా," అన్నాడు. "ఇది చెల్లెలికి చాలీ చాలకుండా ఉంది. నన్ను గుర్రానికి కట్టెయ్యి."

ఓబులమ్మ రెల్లు చాటుకు పరుగెత్తింది. ధూమ్రాన్ని లాక్కొచ్చింది. ఆయన జీను మీదికి ఎక్కేలోగానే మొదటి చలి వచ్చేసింది. మండే ఎండలో మంచుముక్క మింగినట్టు. ఆమె గుర్రం పగ్గాన్ని ఆయన తొడల మీదుగా, నడుం మీదుగా తిప్పి జీనుకు బిగించింది. ముడి మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"నువ్వేం చేస్తావు?"

"నన్నెవురు వెతుకుతారు? ముళ్ళల్లో దూరతా." వెనక రెల్లు దుబ్బుల్లో గిట్టల చప్పుడు. "పో నాయనా! వెనక్కి చూడొద్దు. పో!"

ధూమ్రం ఒక్క దూకుతో వాగు దాటింది. వెనక నుంచి వచ్చిన బాణం ఒకటి జీను వెనక దిగి కంపించింది. రాళ్ళూ తుప్పలూ ఎండా నీడా కలిసి వెనక్కి పారుతున్నాయి. అరిందముడికి దారి ఒకటి రెండై, రెండు నాలుగై కనిపిస్తున్నాయి. ఏది నిజం దారో గుర్రానికే వదిలేశాడు. చేతులు పట్టు తప్పుతున్నాయి. కళ్ళెం జారింది. మూట కూడా వేళ్ళలోంచి జారబోయింది.

వంగి దాన్ని నోటితో అందుకుని, పళ్ళతో కరిచిపట్టాడు. దవడలు ఎంత వణికినా అది కింద పడదు. పల్చని గుడ్డకు అవతల గచ్చకాయలు ఒకదానికొకటి టకటకమని కొట్టుకుంటున్నాయి. నాలుక చాపితే తగిలేంత దగ్గరలో మందు ఉంది. అరిందముడు నాలుకను వెనక్కి లాక్కుని, పళ్ళు మరింత బిగించి, మడమలతో ధూమ్రం డొక్కలో ఒక్క పోటు పొడిచాడు.